డేకేర్ తనిఖీల చిట్టా: టెక్సస్ ప్రభుత్వ వెబ్‌సైటుపై ఒక సమీక్ష

డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ ఊళ్లలోనూ, పక్కనే ఉన్న అర్వింగ్‌లోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో ఆరు నెలల గడువు ముగిసి తిరుగు ప్రయాణానికి సూట్‌కేసులు సర్దుకునే వేళకు, బిడ్డను ఏ డేకేర్‌లో చేర్చాలన్న ప్రశ్న తప్పనిసరిగా వస్తుంది. ఆ ప్రశ్న ముందు వాట్సాప్ గ్రూపుకు వెళుతుంది; "మా పాప అక్కడికే వెళుతోందండీ, బాగానే చూసుకుంటారు" అన్న జవాబు వస్తుంది; తరువాత గూగుల్‌లో నక్షత్రాలు చూస్తారు; ఒకరోజు టూర్‌కు వెళ్లి గోడల మీది బొమ్మలు, కెమెరాలు, నెల ఫీజు చూసుకొని రిజిస్ట్రేషన్ కట్టేస్తారు. ఈ వ్యవహారమంతటిలో చాలామంది తెరవని పేజీ ఒకటుంది. టెక్సస్ హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్ నడిపే 'సెర్చ్ టెక్సస్ చైల్డ్ కేర్' వెబ్‌సైటులో, రాష్ట్ర అనుమతి పొందిన శిశుసంరక్షణ కేంద్రాలకు ఇన్‌స్పెక్టర్లు ఎప్పుడు వెళ్లారో, ఏ లోపం కనిపెట్టారో, దాన్ని ఎప్పటికి సరిచేశారో పైసా ఖర్చు లేకుండా, లాగిన్ గొడవ లేకుండా చదువుకోవచ్చు. మా ఇంటికి అందుబాటు దూరంలో ఉన్న కేంద్రాలను వడపోయడానికి నేను ఈ సేవను వాడాను. అది ఎక్కడ అక్కరకు వస్తుందో, ఎక్కడ పొరపాటు అభిప్రాయానికి దారి తీస్తుందో వివరంగా రాయదగిన విషయమని నాకు అనిపించింది.

ఈ సమాచారం ప్రజలకు అందుబాటులో ఉండటం వెనుక చట్టం ఉంది. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు డేకేర్ ఖర్చులో సాయపడే ఫెడరల్ చట్టాన్ని 2014లో సవరించినప్పుడు, ఆ నిధులు తీసుకొనే లైసెన్సు కేంద్రాలను ఏడాదికి ఒక్కసారైనా ముందస్తు సమాచారం లేకుండా తనిఖీ చేయాలనీ, ఫలితాలను మామూలు మనుషులకు అర్థమయ్యే రీతిలో ఇంటర్నెట్‌లో ఉంచాలనీ రాష్ట్రాలకు షరతు పెట్టారు. టెక్సస్ రాష్ట్ర చట్టం కూడా లైసెన్సు ఉన్న ప్రతి కేంద్రానికీ ఏటా కనీసం ఒక ఆకస్మిక తనిఖీ తప్పనిసరి అంటుంది. 2017లో ఈ బాధ్యత పిల్లల సంరక్షణ శాఖ నుంచి ప్రస్తుత కమిషన్‌కు మారింది. ఇన్‌స్పెక్టర్లు పట్టుకు తిరిగే నియమావళి రాష్ట్ర పరిపాలనా నిబంధనల్లోని 746వ అధ్యాయం. ఉయ్యాల మంచం మీద పరిచే షీటు దగ్గర నుంచి ఆటస్థలంలో జారుడుబల్ల కింద పోసే చెక్కపొట్టు దాకా ప్రతిదానికీ అందులో ఒక నియమం, ఒక అంకె ఉంటాయి.

వెబ్‌సైటు వాడకం తేలిక. ఊరి పేరో, జిప్ కోడో, కేంద్రం పేరో ఇస్తే జాబితా వస్తుంది. అందులో ఒక పేరు మీద నొక్కితే ఆ కేంద్రం ఎంతమంది పిల్లలకు అనుమతి పొందిందో, ఏ వయసుల వారిని చేర్చుకుంటుందో, అనుమతి ఏ తేదీన వచ్చిందో కనిపిస్తాయి. వాటి కింద అసలు సరుకు ఉంటుంది: గత ఐదేళ్లలో జరిగిన తనిఖీలు, ఫిర్యాదుల మీద జరిగిన విచారణలు, వాటిలో బయటపడ్డ లోపాలు. ఈ లోపాలను బరువును బట్టి 'హై' మొదలుకొని ఐదు మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు మీద ఎన్ని ఉన్నాయో లెక్క చూపుతారు. అక్కడే చాలామంది చూపు ఆగిపోతుంది. పైమెట్టు మీద రెండంకెల సంఖ్య కనబడగానే పేజీ మూసేసి, అన్నీ సున్నాలున్న కేంద్రం వైపు మళ్లుతారు.

ఆ లెక్కను అంత తొందరగా నమ్మకూడదు. ఈ బరువు జరిగిన సంఘటనకు ఇచ్చింది కాదు, తప్పిన నియమానికి ముందే అంటించి ఉంచింది. ఒక నియమం తప్పితే సాధారణంగా పిల్లలకు ఎంత ప్రమాదమో అంచనా వేసి దానికి ఒక మెట్టు నిర్ణయించారు. ఆ నియమం అరనిమిషం పాటు తప్పినా, పూటంతా తప్పినా పేజీ మీద పడే ముద్ర ఒకటే. కొత్తగా చేరిన ఉద్యోగి నేపథ్య పరిశీలన కాగితం కార్యాలయంలో కొన్ని రోజులు ఆలస్యమైన కేంద్రమూ, ఆ పరిశీలనే లేకుండా మనిషిని నెలల తరబడి పసిపిల్లల గదిలో ఉంచిన కేంద్రమూ ఒకే నియమం కింద తప్పు చేసినట్టయితే, పట్టికలో రెండూ పక్కపక్కనే సమానంగా నిలబడతాయి. వాటి మధ్య తేడా తెలిసేది లోపలికి వెళ్లి, ప్రతి లోపం కింద ఇన్‌స్పెక్టర్ రాసిన రెండు మూడు వాక్యాల వివరణ చదివినప్పుడే. నా మట్టుకు ఈ సేవలో విలువైన భాగం ఆ వాక్యాలే. మిగతాదంతా వాటి దగ్గరికి చేర్చే దారి.

మచ్చుకు, నేను చివరిదాకా పోల్చి చూసిన రెండు కేంద్రాల సంగతి చెబుతాను. పేర్లు ఇక్కడ అనవసరం. మొదటిదానికి లోపాల జాబితా పొడుగు. తెరిచి చూస్తే ఒకచోట పాలసీసా మీద బిడ్డ పేరు లేదని, ఇంకొకచోట నెలనెలా జరగవలసిన ఫైర్ డ్రిల్ ఒక నెల పుస్తకంలో ఎక్కలేదని, మరొకచోట గోడకున్న ప్లగ్ పాయింటుకు మూత లేదని ఉంది. దాదాపు ప్రతిదాని పక్కనా తనిఖీ జరుగుతుండగానే సరిచేసినట్టు నమోదైంది, ఒకసారి వచ్చిన లోపం మళ్లీ రాలేదు. రెండవదానికి లోపాలు తక్కువే గాని, వాటిలో ఎక్కువ భాగం ఒకే సంగతి: టీచర్ల సంఖ్యకు మించి పిల్లలు. తేదీలు వేరు, గదులు వేరు, రాసిన ఇన్‌స్పెక్టర్ కూడా వేరై ఉండవచ్చు, కాని వాక్యం మాత్రం ప్రతి ఏడూ అదే. ప్రతిసారీ డైరెక్టర్ వెంటనే ఆఫీసు గదిలోంచి ఒకరిని పంపించి లెక్క సరిచేశారని, అందువల్ల లోపం అక్కడికక్కడే తీరిందని రాసి ఉంది. కాగితం మీద అది తీరిన లోపమే. ఇన్‌స్పెక్టర్ కారు ఎక్కి వెళ్లిన మరుసటి రోజు ఆ గదిలో ఎంతమంది ఉన్నారన్నది ఆ వాక్యం చెప్పదు. మూడేళ్ల వాక్యాలను వరుసగా చదివితే మాత్రం ఊహించడం కష్టం కాదు. గూగుల్ నక్షత్రాల్లో ఈ రెండవదే ముందుంది.

ఈ నిష్పత్తి లెక్కలు తల్లిదండ్రులు కంఠతా పట్టదగినవి. టెక్సస్ నియమాల ప్రకారం ఏడాది లోపు పసివాళ్లయితే ఒక్క టీచర్ నలుగురిని మించి చూడకూడదు. పన్నెండు నుంచి పదిహేడు నెలల వాళ్లయితే ఐదుగురు. పద్దెనిమిది నెలలు దాటి రెండేళ్లు నిండేలోపు తొమ్మిదిమంది. రెండేళ్ల వాళ్లు 11 మంది. మూడేళ్లకు 15, నాలుగేళ్లకు 18. టూర్‌లో చాలాచోట్ల "నలుగురికి ఒకరండీ" అని చెబుతారు, అది అబద్ధం కాదు. అయితే ఇద్దరు టీచర్లు కలిసి చూసే పసిపిల్లల గుంపులో గరిష్ఠంగా పదిమంది దాకా ఉండవచ్చని అదే నియమావళి అనుమతిస్తుంది. అప్పుడు లెక్క ఐదుగురికి ఒకరు అవుతుంది. ఇంకో మాట: పిల్లవాడికి పద్దెనిమిది నెలలు నిండగానే ఐదుగురికి ఒకరున్న గదిలోంచి తొమ్మిదిమందికి ఒకరున్న గదిలోకి మారుతాడు. ఆ మార్పు ఎప్పుడు, ఎలా చేస్తారని టూర్‌లో అడిగిన తల్లిదండ్రులను నేను పెద్దగా చూడలేదు. నివేదికల్లో నిష్పత్తి తప్పిన సందర్భాలు చదివేటప్పుడు తనిఖీ జరిగిన వేళను గమనించాలి. సరిగ్గా తెరిచే సమయంలోనో, సాయంత్రం రెండు మూడు గదుల పిల్లలను ఒకచోట చేర్చే సమయంలోనో, టీచర్లు భోజన విరామానికి వెళ్లే మధ్యాహ్నపు నిద్ర వేళలోనో మనుషులు తగ్గుతారు. ఉదయం పదిగంటలకు పెట్టే టూర్‌లో ఏ కేంద్రమైనా కళకళలాడుతూనే ఉంటుంది.

నిద్రకు సంబంధించిన నియమాలు మన ఇళ్లవాళ్లకు కాస్త కొత్తగా అనిపిస్తాయి. పన్నెండు నెలల లోపు బిడ్డ పడుకొనే క్రిబ్‌లో (ఉయ్యాల మంచంలో) పరుపుకు బిగువుగా అమరిన షీటు తప్ప మరేమీ ఉండకూడదు. దిండు, బొంత, బొమ్మ ఏదీ పనికిరాదు. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. గుడ్డలో చుట్టి పడుకోబెట్టాలంటే వైద్యుడి సంతకం ఉన్న పత్రం కావాలి. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెట్టి, పొత్తిగుడ్డలో చుట్టి పెంచిన అమ్మమ్మలకు ఇది పసివాణ్ణి బోడి మంచం మీద పడేసినట్టు కనిపిస్తుంది. నియమం ఉన్నది నిద్రలో ఊపిరాడక జరిగే పసిపిల్లల మరణాలను నివారించడానికి. నివేదికలో "క్రిబ్‌లో కప్పుకునే దుప్పటి ఉంది" అన్న వాక్యం కనబడితే అది చిన్న విషయంలే అని దాటవేయకూడదు. లోపాల్లో నేను అన్నిటికన్నా బరువుగా తీసుకొనేవి ఇవే. అదే విధంగా మందుల నియమం కూడా మనకు నేరుగా తగులుతుంది. ఏ మందైనా అసలు డబ్బాలోనే ఉండాలి, దాని మీద బిడ్డ పూర్తి పేరు, తెచ్చిన తేదీ ఉండాలి, తల్లిదండ్రుల లిఖితపూర్వక అనుమతి ఉండాలి, గడువు దాటి ఉండకూడదు. ఇండియా నుంచి తెచ్చిన జ్వరం చుక్కల మందును చిన్న సీసాలో పోసి సంచిలో పెట్టి, "మధ్యాహ్నం ఒక మూతెడు పట్టండి" అని చెప్పి వచ్చే అలవాటు ఉన్నవాళ్లు, దాన్ని తీసుకోని టీచరు మీద కోప్పడటం న్యాయం కాదు. తీసుకున్నారంటేనే ఆలోచించాలి.

నివేదిక చదివిన తరువాత చేయవలసిన పని ఒకటుంది: డైరెక్టర్‌ను నేరుగా అడగడం. ఫలానా తేదీ తనిఖీలో ఈ లోపం వచ్చిందట, అప్పుడేం జరిగింది, తరువాత ఏం మార్చారు అని మర్యాదగానే అడగవచ్చు. మొదటి కేంద్రం డైరెక్టర్ ఆ ఫైర్ డ్రిల్ సంగతి అడగగానే పుస్తకం తెచ్చి చూపించారు; డ్రిల్‌లో పిల్లలందరూ మూడు నిమిషాల్లోపు బయటికి రావాలన్న నియమం ఉందని, క్రిబ్ చక్రాలు గడప దగ్గర ఇరుక్కుంటుంటే ఆ గడప చెక్కను తీయించామని ఆవిడే చెప్పారు. రెండవచోట "అలాంటివి అందరికీ వస్తాయండీ, ఇన్‌స్పెక్టర్లు ఏదో ఒకటి రాయాలి కదా" అన్నారు. అది కూడా ఒక రకంగా ఉపయోగపడిన జవాబే. చివరి తనిఖీ పత్రాన్ని తల్లిదండ్రులకు కనబడేచోట గోడకు అతికించి ఉంచాలని నియమం చెబుతుంది కాబట్టి, లోపలికి అడుగుపెట్టగానే ముందు ఆ గోడ చూడటం మంచిది. కేంద్రం పనిచేసే వేళల్లో తల్లిదండ్రులకు ముందుగా చెప్పకుండా ఎప్పుడైనా వచ్చి చూసే హక్కు కూడా ఉంది. వెబ్‌సైటు ఈ రెండు సంగతులను ఫలితాల పేజీలోనే పెద్ద అక్షరాలతో చెబితే ఎంతో మేలు జరిగేది.

ఇక లోటుపాట్లు. రెండు మూడు కేంద్రాలను పక్కపక్కన పెట్టి చూసుకొనే వీలు నాకు అక్కడ కనిపించలేదు. ఒక్కొక్కటీ విడిగా తెరిచి, మనమే కాగితం మీద రాసుకోవాలి. నియమాల భాష న్యాయశాస్త్రం భాషకు దగ్గరగా ఉంటుంది. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లే రెండోసారి చదవవలసి వస్తుంది, మనవణ్ణి దింపడానికి వెళ్లే తాతగారి సంగతి చెప్పనక్కరలేదు. కేంద్రాలకు లోపాల నమోదు మీద సమీక్ష కోరే హక్కు ఉంది, అది సబబే. అందువల్ల తెర మీద కనబడేదే చివరిమాట అనుకోకుండా, గోడ మీది తాజా పత్రంతో పోల్చుకోవాలి. ఇవి చిన్నవి.

పెద్దది అనుమతి తేదీ సంగతి. టెక్సస్‌లో డేకేర్ లైసెన్సు ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కాదు. యాజమాన్యం మారితే కొత్తవారు కొత్త అనుమతి తీసుకోవలసిందే. కొత్త అనుమతితో కొత్త నంబరు, కొత్త పేజీ, కొత్త చరిత్ర మొదలవుతాయి. అదే భవనం, అదే బోర్డు, చాలావరకు అదే టీచర్లు ఉన్నా, పాత యజమాని కాలంలోని ఐదేళ్ల చిట్టా ఈ పేజీలో ఉండదు. అందుకని సున్నాలతో మెరిసిపోతున్న పేజీ కనబడితే ముందు అనుమతి తేదీ చూడాలి. పదేళ్లుగా అక్కడే ఉన్న కేంద్రానికి నిరుటి తేదీ ఉంటే, ఆ సున్నాలకు ఉన్న విలువ ఒక్క ఏడాది విలువే. కొత్త యాజమాన్యం వచ్చాక నిజంగా బాగుపడిన కేంద్రాలూ ఉంటాయి, కాదనను. ఆ బాగుపడటాన్ని చూడటానికైనా పాత పేజీ లంకె ఇక్కడ ఇవ్వవలసింది. ఇదే విధంగా, ఒకే బ్రాండు పేరుతో ఊరంతా ఉన్న శాఖల్లో ప్రతి చిరునామాకూ వేరే అనుమతి ఉంటుంది. ప్లేనో శాఖ నివేదిక చదివి ఫ్రిస్కో శాఖలో చేర్చడం వల్ల ప్రయోజనం లేదు.

ఏడాదికి ఒక్క ఆకస్మిక తనిఖీ అన్నది కనీసపు హద్దు మాత్రమే. ఫిర్యాదులు వస్తే ఇంకా వెళతారు, లోపాలు ఎక్కువగా ఉన్నచోటికి తరచుగా వెళతారు. దీనివల్ల ఒక విచిత్రం జరుగుతుంది: తల్లిదండ్రులు నోరు తెరిచి ఫిర్యాదు చేసే కేంద్రం చిట్టా పొడుగవుతుంది, ఎవరూ నోరు విప్పని కేంద్రం చిట్టా శుభ్రంగా ఉంటుంది. వీసా సంగతులతోనో, ఇంకో డేకేర్‌లో సీటు దొరకదన్న భయంతోనో మనవాళ్లు ఫిర్యాదుకు వెనకాడతారన్నది తెలిసిన విషయమే. అందుచేత లోపాల సంఖ్యను ఒంటరిగా చదవకుండా, ఎన్నిసార్లు తనిఖీ జరిగితే అన్ని లోపాలు వచ్చాయన్నది చూడాలి. ఆ రెండు అంకెలూ ఒకే పేజీలో ఉన్నాయి. వాటిని భాగించుకొనే పని మనది.

స్కూలు అయ్యాక పిల్లలను వ్యానులో తెచ్చే కేంద్రాల విషయంలో నివేదికలోని రవాణా భాగాన్ని విడిగా చదవాలి. ఎనిమిదిమంది లేదా అంతకు మించి కూర్చొనే వ్యానును కేంద్రం 2013 డిసెంబరు 31న గానీ ఆ తరువాత గానీ కొన్నా, లీజుకు తీసుకున్నా, ఇంజను ఆపాక డ్రైవరు వెనుకదాకా వెళ్లి సీట్లు చూసేలా గుర్తుచేసే ఎలక్ట్రానిక్ అలారం అందులో ఉండాలని నియమం. ఉత్తర టెక్సస్ ఎండల్లో మూసిన వ్యాను లోపలి వేడి సంగతి తెలిసినవారెవరూ ఈ ఒక్క లోపాన్ని తేలికగా తీసుకోరు.

మొత్తం మీద లైసెన్సు ఉన్న పెద్ద కేంద్రాలను ఎంచుకొనేవారికి ఈ సేవకు సాటి వచ్చేది నాకు తెలిసి మరొకటి లేదు. ఐదింటికి నాలుగు మార్కులు సంతోషంగా ఇస్తాను. మన తెలుగువాళ్లు ఎక్కువగా ఆశ్రయించే ఇంకో ఏర్పాటు దగ్గర మాత్రం దీని బలం బాగా తగ్గిపోతుంది. అపార్టుమెంటులోనో, పక్క వీధిలోనో తెలుగు ఆంటీ ఇంట్లో, పప్పన్నం పెట్టి, తెలుగులో మాట్లాడుతూ చూసుకొనే ఇళ్ల గురించి నేను చెబుతున్నది. టెక్సస్‌లో బయటి పిల్లలను ముగ్గురి వరకు చూసే ఇల్లు 'లిస్టెడ్' జాబితాలోకి, అంతకు మించితే 'రిజిస్టర్డ్' ఇల్లు, ఆ తరువాత 'లైసెన్స్‌డ్' ఇల్లు అన్న తరగతుల్లోకి వస్తుంది. రిజిస్టర్డ్ ఇళ్లకు రెండేళ్లకొకసారైనా తనిఖీ ఉంటుంది. లిస్టెడ్ ఇళ్లకు ఫిర్యాదు వస్తే తప్ప మామూలు తనిఖీలు లేవు. కాబట్టి వెబ్‌సైటులో లిస్టెడ్ ఇంటి పేజీ శుభ్రంగా ఉందంటే అర్థం అక్కడ లోపాలు లేవని కాదు, ఎవరూ వెళ్లి చూడలేదని. అసలు పేరే కనబడకపోతే ఆ ఇల్లు జాబితాలో కూడా లేనట్టే. అలాంటి ఇంట్లో బిడ్డను వదలదలచుకున్నవాళ్లు ఆంటీని పర్మిట్ నంబరు అడగాలి, ఆ నంబరుతోనే వెతకాలి, ఏ తరగతి అని రాసి ఉందో చూడాలి. పసివాడు ఎక్కడ పడుకుంటాడో ఆ మంచం చూపించమని అడగాలి. స్టవ్, మందుల అర, ఈతకొలను గేటు స్వయంగా పరీక్షించాలి. చేర్చిన తరువాత కూడా మధ్యాహ్నం నిద్ర వేళకు ఫోను చేయకుండా ఒకసారి వెళ్లి తలుపు కొట్టాలి.